చెయ్యి చాపి నిలబడు

తాడు ముక్క తీసుకో. రెండు నీళ్ళ సీసాల మెడలకి చెరో కొస కట్టు. మధ్యలో జానెడు తాడు వదులుగా ఉండాలి. కదిలే రైలు మీదున్న మనిషికి సీసా పట్టు దొరకదు, జారిపోతుంది. అదే తాడైతే వేళ్ళు దూర్చి లాక్కుంటాడు. నీ పక్కన కూర్చున్న పెద్దావిడ నువ్వు వేసిన ముడి పట్టుకుని ఒక్క గుంజు గుంజుతుంది. ఊడి ఆవిడ చేతికొస్తుంది.

"మళ్ళీ కట్టు. ఈసారి రెండు ముళ్ళు వెయ్యి."

కడతావు. ఆవిడ మళ్ళీ గుంజుతుంది. నిలిచింది. మెచ్చుకోలేమీ లేదు, ఇంకో బుట్టెడు సీసాలు నీ ముందుకు తోస్తుంది.

నువ్వున్నది మెక్సికోలో, వెరాక్రూజ్ రాష్ట్రంలో, కార్డోబా పట్నానికి దగ్గరున్న ఒక చిన్న ఊళ్ళో. ఏడాది 2012. ఊరి అసలు పేరు గ్వాదలూపే, అందరూ పిలిచేది లా పత్రోనా అని. చుట్టూ చెరకు, కాఫీ తోటలు. ఆకాశం తెరిపిగా ఉంటే దూరంగా ఒరిజాబా శిఖరం మీద మంచు కనిపిస్తుంది. నీ వీపు మీద మాత్రం చెమట కారుతోంది. వెనక పొయ్యి మీద పెద్ద గుండిగలో నల్ల చిక్కుడు గింజలు కుతకుతలాడుతున్నాయి. ఇంకో గుండిగలో అన్నం వార్చడానికి సిద్ధంగా ఉంది. పదిహేను ఇరవై కిలోల బియ్యం ఒక్క పూటకే పడుతుంది. తినేవాళ్ళు ఒక్కరూ ఈ ఇంట్లో లేరు.

అన్నం ఒక చిన్న కవర్లో, గింజలు ఇంకో కవర్లో, మొక్కజొన్న టోర్టీయాలు విడిగా. మూడూ కలిపి ఒక పెద్ద కవర్లో. బేకరీలు, సూపర్ మార్కెట్లు ఇచ్చిన నిన్నటి రొట్టె మిగిలితే అదీ అందులోనే. కవరు చెవులు ముడేసేటప్పుడు పైన ఒక చెయ్యి దూరేంత సందు వదలాలి. ఇక్కడ ప్రతి ముడీ చేతికొలతే.

ఫోను మోగుతుంది. గూడ్సు బండికి టైం టేబుల్ ఉండదు. పగలు రావచ్చు, అర్ధరాత్రి రావచ్చు. దక్షిణాన ఏదో ఊళ్ళో తెలిసినవాళ్ళు బండిని చూసి ఇక్కడికి ఫోను చేస్తారు. ఫోనెత్తినావిడ అడిగేది ఒక్కటే.

"ఎంతమంది?"

అవతలి మాట నీకు వినపడదు. ఆవిడ ముఖం చూస్తే తెలుస్తుంది. పొయ్యి దగ్గరున్నావిడ గరిటె వేగం పెంచుతుంది.

కవర్లు ప్లాస్టిక్ ట్రేల్లోకి ఎక్కుతాయి. ట్రేలు తోపుడు బండ్లలోకి ఎక్కుతాయి. పట్టాలు ఎంతో దూరం లేవు, ఊరిని ఆనుకునే వెళ్తున్నాయి. ఆడవాళ్ళు పట్టాల వెంట దూరం దూరంగా నిలబడతారు. అలా ఎందుకో నువ్వు అడిగేలోపే తెలిసిపోతుంది. మొదటి మనిషి దగ్గర చెయ్యి తప్పినవాడికి రెండో మనిషి దగ్గర అందాలి. అక్కడా తప్పితే మూడో మనిషి. నిన్ను నాలుగో చోట నిలబెడతారు.

"పట్టాకి మరీ దగ్గరికి పోకు, బండి గాలి లోపలికి లాగుతుంది. కాళ్ళు కంకరలో గట్టిగా దిగబెట్టు. చెయ్యి మాత్రం చాపు. ఎవరైనా పట్టుకున్నారా, ఆ క్షణమే వదిలెయ్యి. వదలకపోతే నువ్వూ పోతావు."

చెప్పి ఆవిడ తన చోటికి వెళ్ళిపోతుంది. రెండు చేతుల్లో రెండు కవర్లు, కాళ్ళ దగ్గర ట్రే. ఎండలో నిలబడి ఎదురుచూస్తావు. పట్టాలు చప్పుడు చెయ్యడం లేదు. ఇంకా టైముంది.

1995 ఫిబ్రవరిలో ఒక పొద్దున ఇద్దరు అక్కచెల్లెళ్ళు సరిగ్గా ఇలాగే పట్టాల పక్కన నిలబడ్డారు. రోమెరో వాళ్ళ అమ్మాయిలు. ఇంట్లో టిఫినుకి రొట్టె, పాలు తెమ్మని వాళ్ళమ్మ పంపింది. తెస్తున్నారు. గూడ్సు బండి అడ్డమొచ్చింది. దాటిపోయేదాకా ఆగారు. వ్యాగన్ల మీద మనుషులున్నారు. "అమ్మా, ఆకలేస్తోంది" అని ఒకడు అరిచాడు. తర్వాతి వ్యాగన్ మీది వాళ్ళూ అదే మాట అన్నారు. ఆ తర్వాతి వాళ్ళూ అదే. చేతిలో రొట్టె ఉంది, అది ఇంటిది. విసిరేశారు. పాలు కూడా ఇచ్చేశారు.

ఉత్త చేతులతో ఇంటికెళ్ళి అమ్మకేం చెప్పాలి? తిట్లు తప్పవనుకుంటూనే వెళ్ళారు. అమ్మ తిట్టలేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకున్నారు. మర్నాడు దాదాపు ముప్పై పొట్లాలు కట్టారు. బండి రాగానే అయిపోయాయి. ఆ మర్నాడు ఇంకొంచెం ఎక్కువ వండారు. ఆ పైకప్పుల మీద ఉన్నవాళ్ళు మెక్సికో వాళ్ళేనని అప్పట్లో అనుకున్నారట. కాదు. హోండురాస్, గ్వాటెమాల, ఎల్ సాల్వడోర్, నికరాగువా. పొట్ట చేతపట్టుకుని అమెరికా సరిహద్దు దాకా పోయేవాళ్ళు. పాలమూరు నుంచి బొంబాయి బస్సెక్కినవాళ్ళని చూసినవాళ్ళకి ఆ ముఖాలు కొత్తేం కాదు. ఇక్కడ బస్సుకి డబ్బుల్లేవు, కాగితాల్లేవు. అందుకే గూడ్సు బండి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు లా బెస్తియా. అంటే మృగం.

ఆ ఇంటి ఆడపిల్లల్లో ఒకరు నోర్మా రోమెరో. పదిహేడేళ్ళ తర్వాత కూడా ఈ వంటనీ ఈ వరసనీ నడిపిస్తున్నది ఆవిడే. వరసలో ఉన్న మిగతా ఆడవాళ్ళలో ఆ ఇంటివాళ్ళూ ఉన్నారు, ఇరుగుపొరుగువాళ్ళూ ఉన్నారు. ఎవరూ ధనవంతులు కారు. ఊళ్ళో మాటలు పడనివాళ్ళూ లేరు. సోమరిపోతుల్ని మేపుతున్నారనే మాట ఏ ఊళ్ళోనైనా ముందు పుట్టేదే. ఆ మాటలకి జంకి మధ్యలో మానేసినవాళ్ళూ ఉన్నారు. నిలబడ్డవాళ్ళు ఈ రోజు నీతోపాటు నిలబడి ఉన్నారు.

హారన్.

దూరంగా, చెరకు తోటల అవతల. ముందు చెవికి, తర్వాత అరికాళ్ళకి తెలుస్తుంది. కంకర సన్నగా వణుకుతోంది. పక్కావిడ చెయ్యెత్తి అందరికీ సైగ చేస్తుంది. కొందరు డ్రైవర్లు ఈ ఊరు రాగానే పొడుగ్గా హారన్ కొట్టి వేగం తగ్గిస్తారు. అది వాళ్ళ జీతంలో భాగం కాదు. ఏళ్ళ తరబడి ఈ ఆడవాళ్ళని చూసి చూసి నేర్చుకున్నారు. ఇంకొందరు తగ్గించరు.

వంపు దాటి ఇంజన్ కనబడింది. తగ్గించడం లేదు.

ఇంజన్ నీ ముందునుంచి దూసుకుపోతుంది. వేడి గాలి ముఖాన కొడుతుంది. డీజిల్ వాసన. కళ్ళలో దుమ్ము. మొదటి వ్యాగన్ ఖాళీ. రెండోది ఖాళీ. మూడోదాని పైకప్పు నిండా మనుషులు. నిచ్చెనల మీద మనుషులు. రెండు వ్యాగన్ల మధ్య లింకు మీద కూడా.

అందరి చేతులూ చాచి ఉన్నాయి.

నువ్వూ చెయ్యి చాపుతావు. ఒక చెయ్యి వస్తోంది. దగ్గరికి. ఇంకా దగ్గరికి. కవరు పోయింది! ఎవరు తీసుకున్నారో చూడలేదు. అరచెయ్యి చురుక్కుమంది. "దేవుడు చల్లగా చూస్తాడమ్మా" అని ఒక గొంతు వినిపించే లోపే దాటిపోయింది.

రెండోది. చాపు. తప్పిపోయింది. ఆ మనిషి వేళ్ళు కవరుకి తగిలాయి, అంతే. ముందున్నావిడ దగ్గర అందుకుంటాడు. అందుకున్నాడా? చూసే టైం లేదు. వంగు. ట్రేలోంచి తియ్యి. లే. చాపు.

సీసాలు. తాడు పైకి ఉండాలి. వేళ్ళు దూరాయి. పోయాయి.

ఇంకో జత. ఈసారి చెయ్యి వణికింది. సీసాలు జారాయి. కంకర మీద దొర్లుతూ పట్టా వైపు పోతున్నాయి. నీ కాలు దానంతటదే ముందుకు పడుతుంది. ఒక్క అడుగు. ఇంకొకటి.

వెనకనుంచి ఎవరో నీ చొక్కా పట్టుకుని లాగారు.

"వదిలెయ్!"

సీసా చక్రం కిందికి పోయింది. పగిలిన చప్పుడు కూడా రాలేదు.

చాపు. చెయ్యి చాపు.

ట్రేలో ఒక్కటే కవరు మిగిలింది. వ్యాగన్లు ఇంకా ఉన్నాయి. నిచ్చెన మీద ఒక కుర్రాడు. పదిహేనేళ్ళుంటాయేమో. ఒంటి చేత్తో ఊచ పట్టుకుని బయటికి వేలాడుతున్నాడు. వాడి వెనక లింకు మీద ఒక పెద్దాయన. ఇద్దరూ నీ చేతికేసే చూస్తున్నారు. ఒకే కవరు.

ఎవరికి? ఆలోచించడానికి అర సెకను కూడా లేదు. కుర్రాడికిస్తావు. వాడు అందుకున్నాడు. అందుకున్న చేత్తోనే పైకి విసిరాడు. పైకప్పు మీదినుంచి రెండు చేతులు దాన్ని పట్టుకున్నాయి. వాడి చెయ్యి మళ్ళీ ఖాళీ. మళ్ళీ చాపాడు, నీ తర్వాత నిలబడ్డావిడ వైపు.

చివరి వ్యాగన్. గాలి. చప్పుడు సన్నబడుతుంది.

నీ కాళ్ళు వణుకుతున్నాయని ఇప్పుడు తెలుస్తుంది. కంకర మీద అన్నం చిందింది, ఒక టోర్టీయా మట్టిలో పడుంది. ఆడవాళ్ళు ఖాళీ ట్రేలు ఒకదానిలో ఒకటి దూరుస్తున్నారు. అంతా కలిపి నిమిషమో రెండు నిమిషాలో పట్టి ఉంటుంది. పొద్దున్నించీ వండింది ఆ కాస్త సేపట్లో అయిపోయింది. "ఎన్ని పోయాయి?" అని ఒకరు అడుగుతారు. అందుకోలేక పట్టాల మీద పడిపోయినవి ఎన్ని అని దానర్థం. నీ సీసాలు కూడా అందులో లెక్క. నిన్నెవరూ ఏమీ అనరు.

ఆ కుర్రాడు ఈ రాత్రికి ఎక్కడుంటాడో అడిగితే చెప్తారు, దాచిపెట్టకుండానే. ఇక్కడినుంచి బండి ఒరిజాబా మీదుగా కొండలెక్కుతుంది. సొరంగాలు వస్తాయి. ఇప్పుడు నీ చొక్కా తడిపిన ఎండ అక్కడుండదు, ఎముకలు కొరికే చలి ఉంటుంది. ఇనుప కడ్డీ పట్టుకున్న వేళ్ళు మొద్దుబారతాయి. నిద్రలో తూగినవాడు చక్రాల కింద పడతాడు. కాళ్ళు పోయినవాళ్ళున్నారు, చేతులు పోయినవాళ్ళున్నారు. దారి పొడుగునా ముఠాలు బండెక్కి డబ్బులు గుంజుతాయి, ఇవ్వకపోతే తోసేస్తాయి, ఎత్తుకుపోతాయి. 2010 ఆగస్టులో ఉత్తరాన తమౌలిపాస్ రాష్ట్రంలోని సాన్ ఫెర్నాందో దగ్గర 72 మంది వలసవాళ్ళ శవాలు ఒకే చోట దొరికాయి. వాళ్ళలో 14 మంది ఆడవాళ్ళు.

ఇక్కడిదాకా రావడమే ఒక గండం. 2005లో స్టాన్ తుఫానుకి దక్షిణాన రైలు దారి కొట్టుకుపోయింది. అప్పట్నించి గ్వాటెమాల సరిహద్దు దాటినవాళ్ళలో చాలామంది చియాపాస్ రాష్ట్రంలో రెండు వందల కిలోమీటర్లకు పైగా నడిచి, ఆర్రియాగా అనే ఊళ్ళో ఈ బండి ఎక్కుతున్నారు. అంటే నీ చేతిలోంచి కవరు అందుకున్న ఆ కుర్రాడు ఎన్ని రోజుల ఆకలి మోసుకొచ్చాడో నీకు తెలియదు. వాడు దాన్ని పైకి విసిరాడు. ఈ ఊళ్ళో నువ్వు ఇంకెన్ని రోజులున్నా, దానికంటే పెద్ద సంగతి చూస్తావనుకోను.

సాయంత్రం. గిన్నెలు తోముతున్నావు. గుండిగ అడుగున అంటిన మాడు గోకుతుంటే గుమ్మం దగ్గర నీడ పడింది. ఒక మనిషి. బండి దిగాడో, దించేశారో. ఎడమ కాలు నేల మీద ఆనించడం లేదు. ప్యాంటు మోకాలి కింద నల్లగా తడిసింది. లోపలికి రాడు. అడగడు కూడా. నిలబడ్డాడు.

ఇంట్లో నీ ఒక్కరికే కనిపించాడు. రోడ్డు మీద పోలీసు జీపు వెళ్తున్న చప్పుడు. ఏం చేస్తావు?

భయం నీకొక్కరికే కాదు. చాలా ఏళ్ళ పాటు ఈ ఆడవాళ్ళకీ ఉంది. కాగితాల్లేని మనిషికి చోటిచ్చినా, బండెక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళినా, మనుషుల్ని దొంగచాటుగా తరలించేవాళ్ళ కిందే జమ కట్టి జైల్లో వెయ్యడానికి వీలుండేది పాత చట్టంలో. అన్నం పెట్టడానికీ మనుషుల్ని తరలించే వ్యాపారానికీ మధ్య గీత ఎక్కడుందో తేల్చేది పోలీసువాడే. అయినా దెబ్బలు తగిలినవాళ్ళని లోపలికి తెచ్చారు. కట్లు కట్టారు. ఆస్పత్రులకి తీసుకెళ్ళి, చేర్చుకోమని అక్కడ గట్టిగా నిలబడ్డారు. 2011 మేలో వచ్చిన కొత్త వలస చట్టం, లాభం ఆశించకుండా మానవత్వంతో సాయం చేసినవాళ్ళకి శిక్ష లేదని రాసింది. రొట్టె, పాలు విసిరిన ఆ పొద్దుటికి అప్పటికి పదహారేళ్ళు.

నువ్వు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నావు, మసి చేతులతో. వెనకనుంచి పెద్దావిడ వచ్చింది. నిన్ను అడగలేదు. అతని చంక కింద భుజం పెట్టింది.

"ఆ వైపు పట్టుకో."

పట్టుకుంటావు. అతను బరువుగా ఉన్నాడు, ఒళ్ళు కాలిపోతోంది. ముగ్గురూ కలిసి గడప దాటుతారు. కుర్చీలో కూర్చోబెట్టి కాలు ఇంకో కుర్చీ మీద పెడతారు. ఆవిడ కత్తెరతో ప్యాంటు కోస్తుంది. వేడినీళ్ళు తెమ్మంటుంది. తెస్తావు. గాయం చూసి కళ్ళు తిప్పుకోవాలనిపిస్తుంది, తిప్పుకోవు, ఎందుకంటే గిన్నె పట్టుకున్నది నువ్వే.

ఈ ఆడవాళ్ళ దగ్గర ఉపన్యాసం విన్నట్టు గుర్తుందా? పొద్దున్నించీ వెతికినా ఒక్కటీ దొరకదు. ముడి వెయ్యమన్నారు. చెయ్యి చాపమన్నారు. పట్టుకోమన్నారు. అలాంటి మాటలకే బేకరీ వాళ్ళు నిన్నటి రొట్టె పక్కన పెట్టడం మొదలుపెట్టారు, డ్రైవర్లు బ్రేకు వెయ్యడం మొదలుపెట్టారు, కాలేజీ పిల్లలు సెలవుల్లో వచ్చి చిక్కుడు గింజలు ఏరడం మొదలుపెట్టారు. దయ గురించి పుస్తకాలు రాసినవాళ్ళ మీద నాకు గౌరవమే. కానీ ఒకడి చేతిలో కవరు పెట్టి రైలు ముందు నిలబెట్టడం ఇంకా పనికొచ్చే పద్ధతని నా నమ్మకం.

రాత్రి ఆ మనిషి రెండు పళ్ళేల అన్నం తిన్నాడు. రెండోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి, మిగతావాళ్ళకి ఉందా అని అడిగాడు.

మర్నాడు పొద్దున కట్టెలు, బియ్యం, నీళ్ళు. మళ్ళీ ఫోను మోగుతుంది.

ఈ వంట గురించి బయటి ప్రపంచానికి తెలియడానికి సినిమాలు కావలసొచ్చాయి. వీళ్ళ గురించి డాక్యుమెంటరీలు వచ్చాయి. 2013లో మెక్సికో జాతీయ మానవ హక్కుల పురస్కారం వీళ్ళకి దక్కింది. 2014 జులైలో ప్రభుత్వం దక్షిణ సరిహద్దు పథకం ప్రకటించింది. వలసవాళ్ళు ఎక్కకుండా బండ్ల వేగం పెంచారు, గస్తీ పెంచారు. పైకప్పుల మీద వచ్చేవాళ్ళు తగ్గారు, పట్టాల వెంట కాలినడకన వచ్చేవాళ్ళు పెరిగారు. వాళ్ళ కోసం లా పత్రోనా ఆడవాళ్ళు ఊళ్ళోనే భోజనశాల, పడుకోవడానికి చోటు నడుపుతున్నారు. నడిచి వచ్చినవాళ్ళకి ఇప్పుడు కవరు ఇవ్వరు, బల్ల ముందు కూర్చోబెట్టి పళ్ళెంలో వడ్డిస్తారు.